రానివాళ్ళ విభాగం

మా కొట్లో మూడో అర దాకా నీళ్ళు నిలిచిన వరద తర్వాత రెండో ఏడు, మా వీధికి నాగరికత వచ్చింది. వరద వస్తుందని ముందుగా మైకులో చెప్పారు. నాగరికత గురించి ఎవరూ చెప్పలేదు.

మాది గాజు, పింగాణీ సామాన్ల కొట్టు. ఆ వరదలో పక్క బట్టల కొట్టాయన గుండెలు బాదుకున్నాడు. అవతలి కాగితాల కొట్టాయనకు నోట మాట పడిపోయింది. మేం నీళ్ళు తీశాక కప్పులు కడిగాం, తుడిచాం, మళ్ళీ అరల్లో పెట్టుకున్నాం. కప్పు పుట్టిందే నీళ్ళ కోసం. (నీళ్ళే వెతుక్కుంటూ రావడం మాత్రం అదే మొదలు.) అంచేత మా కొట్టును ఏదొచ్చినా ఏమీ చేయలేదని నాకో ధీమా ఉండేది.

నాగరికతను సంచిలో వేసుకొచ్చినవాడు బహుమతి కార్డుల కంపెనీ మనిషి. మొహాన నవ్వుతో వచ్చాడు, వెళ్ళేదాకా దాన్ని తీయలేదు. కోడలు వాడికి నవ్వులబ్బాయి అని పేరు పెట్టింది. కౌంటరు, లెక్క, మిషను అన్నీ మా కోడలివే. నాది మూలనున్న స్టూలు.

"తాతగారూ, మీ వీధిలో జనం బహుమతిగా ఏమిస్తుంటారు?" అన్నాడు.

"కప్పులు."

"కప్పు బరువు. కప్పు పగులుతుంది. కప్పు నచ్చకపోవచ్చు. అదే ఇదైతే?" అంటూ బల్లమీద ఒక ప్లాస్టిక్ ముక్క పెట్టాడు. దానిమీద కప్పు బొమ్మ ఉంది. "ఇచ్చేవాళ్ళు ముందే డబ్బు కట్టేస్తారు. పుచ్చుకున్నవాళ్ళు తీరికగా ఎప్పుడో వచ్చి కప్పు తీసుకుంటారు. అప్పటిదాకా డబ్బు మనది."

"మరి కప్పు?" అంది కోడలు.

"అదీ మనదే మేడమ్."

"రెండూ మనవైతే ఎదుటివాళ్ళకేముంది?"

"కార్డుందిగా!"

ఇంతకన్నా చక్కగా ఆ వ్యాపారాన్ని తర్వాత ఎవరూ నాకు వివరించలేదు.

వివరాలు ఇంకా ఉన్నాయి. కట్టిన డబ్బు ముందు కంపెనీకి వెళ్ళి చల్లారుతుంది. చల్లారాక, చల్లార్చినందుకు కొంత పట్టుకుని, మిగిలింది మాకు పంపుతారు. కార్డు గీకే మిషనుకు అద్దె. గీకినందుకు రుసుము. కార్డు కొన్నాళ్ళు గీకకపోతే అది నిద్రపోయినట్టు లెక్క. నిద్రపోయినందుకు నెలనెలా అందులోంచి నిద్ర రుసుము తీస్తారు. (మెలకువగా ఉంటే తీయరు. అప్పుడు గీకుతున్నట్టేగా.) ఇవన్నీ ఒప్పుకున్నాక నవ్వులబ్బాయి కలం మూత తీసి చివరి ప్రశ్న వేశాడు.

"మీ కొట్లో బ్రేకేజీ ఏపాటి ఉంటుందనుకుంటున్నారు?"

ఇది నాకు తెలిసిన ప్రశ్న. గాజు వ్యాపారంలో తలనెరిసినవాడికి తెలియాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

"చాలా తక్కువ. గడ్డి బాగా పెడతాం," అన్నాను.

వాడి నవ్వు మొదటిసారి వంకరపోయింది. "అలా అనకండి తాతగారూ. బ్రేకేజీ ఎంతుంటే మీకంత ఆదాయం."

అంత పెద్ద కంపెనీకి పగిలిన గాజుతో ఏదో పనుంటుందనుకున్నాను. కరిగించి మళ్ళీ పోస్తారు, అది పూర్వం నుంచీ ఉన్నదే. అడగలేదు. అడిగితే చెబుతారు. చెబితే వినాలి.

కార్డులు వీధిలో పాకిపోయాయి. పుట్టినరోజుకు కార్డు, కొత్తింటికి కార్డు, ఉద్యోగం వస్తే కార్డు, పోతే కార్డు. మంగలి ఒకటి కొని దర్జీకిచ్చాడు. దర్జీ కవరు మార్చి పంతులమ్మకిచ్చాడు. పంతులమ్మ ఇంకో కవర్లో పెట్టి మంగలి కూతురి పుట్టినరోజుకిచ్చింది. మంగలి తన కార్డును తనే గుర్తుపట్టాడు గాని, మర్యాదస్థుడు, ఏమీ అనలేదు. (కవర్లు అమ్మి అమ్మి కాగితాల కొట్టాయనకు మళ్ళీ నోట మాట వచ్చింది.) చుట్టమొస్తే మంచినీళ్ళివ్వడానికి గ్లాసు లేక, అలమరలో అరడజను కార్డులున్న ఇళ్ళు మా వీధిలో ఉండేవి.

కొట్టుకొచ్చి గీకించినవాళ్ళకు తోక తగిలేది. కార్డులో ఉన్నదానికి సరిగ్గా సరిపోయే కప్పును లోకంలో ఏ పనివాడూ చేయలేదు. ఏం కొన్నా కాస్త మిగిలేది. దాన్నే తోక అనేవాళ్ళం. తోకను నగదుగా ఇవ్వకూడదని నియమం. తోకతో ఏదీ రాదు. వదిలించుకోవాలంటే చేతిడబ్బు కలిపి ఇంకో కప్పు కొనాలి. మనిషి ఒక కప్పుకోసం వచ్చి నాలుగు మోసుకుంటూ, తిట్టుకుంటూ పోయేవాడు. కంపెనీ దీనికి 'వినియోగదారుడి ఉత్సాహం' అని పేరు పెట్టింది.

నెలాఖరున మిషను తెరమీద ఒక సందేశం వచ్చింది: మీ బ్రేకేజీ వివరం పంపగలరు.

మేం చెప్పిన మాట వినే రకం. పగిలిన సాసర్లు, బీటలిచ్చిన గ్లాసులు, మూతల ముక్కలు అన్నీ ఊడ్చి, గడ్డి పెట్టి, 'గాజు, జాగ్రత్త' అని పైన రాసి కంపెనీకి పంపాం. అక్కడెవరో దించుకుని సంతకం పెట్టారు. వారం తిరిగాక జవాబు: 'అందినది. మీ వీధి స్థాయికి తక్కువ. మెరుగుపరచుకోగలరు.'

"మామయ్యా, మెరుగుపరచుకోమంటున్నారు," అంది కోడలు.

"ఏమున్నాయి?"

"పిడి ఊడిన కప్పులున్నాయి. మొన్న రంగు తేడాగా దిగిన జాడీ ఉంది."

"సరే."

పెరట్లోకెళ్ళి మెరుగుపరిచాం. కోడలు మొదటి కప్పుకు కళ్ళు మూసుకుంది. మూడోదానికి కొంగు నడుంలో దోపింది. జాడీ దగ్గరికొచ్చేసరికి, "ఇది నాకొదిలెయ్యండి," అంది. ఆ నెలాఖరుకు మా ఖాతాలో కాస్త డబ్బు పడింది, 'బ్రేకేజీ ఆదాయం' అని. తర్వాత నెలా పడింది. పెంకులకు ఈ మాత్రం ధర వస్తుందని మా నాన్నకు తెలిసుంటే కొట్టు పెట్టేవాడు కాదు, రాళ్ళు వేసేవాడు.

ఇలా సుఖంగా ఉండగా టీ ఆవిడ వచ్చింది.

టీ ఆవిడ ఒక పెద్దాఫీసులో పదకొండేళ్ళు టీ కాచి బల్లబల్లకూ అందించింది. ఎవరికి చక్కెర ఎక్కువో, ఎవరు చల్లారబెట్టుకుని తాగుతారో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో ఆవిడకు కెటిల్ పట్టుకోగానే తెలిసేది. ఆ ఆఫీసుకు ఒక మిషనొచ్చింది. మీట నొక్కితే టీ పడుతుంది. అందరూ నొక్కి చూసి, ఆవిడను వేదిక ఎక్కించి, మా కొట్టు కార్డు చేతిలో పెట్టి, చప్పట్లు కొట్టి పంపించారు.

ఆవిడ ఏడుస్తూ కూచునే మనిషి కాదు. బస్సు డిపో మూల టీ బండికి చోటు కోసం నెలల తరబడి తిరిగింది. డిపోలో పారిశుధ్య పర్యవేక్షకుడని ఒకాయన ఉన్నాడు. వరదప్పుడు కాలవకు అడ్డం పడింది కాగితం కప్పులేనని తేల్చిన మేధావి ఆయనే. గాజు గ్లాసులుంటేనే చోటన్నాడు. మొదటి బస్సు కదిలేలోపు బండి తెరవాలి, అప్పటికి గ్లాసులు కనబడకపోతే చోటు జాబితాలో తర్వాతివాళ్ళకు పోతుందన్నాడు. ఆ గడువు మర్నాటి ఉదయం. పొయ్యికి, పాలకు, బండికి ఆవిడ చేతిలో ఉన్నదంతా అయిపోయింది. గ్లాసులకు కార్డుందన్న ధైర్యంతో, మేం షట్టరు సగం దించే వేళకు కొట్లోకి వంగి వచ్చింది.

"మూడు డజన్ల టీ గ్లాసులు బాబాయ్. అడుగు మందంగా ఉండాలి. డ్రైవర్లు గ్లాసు పెట్టరు, మోదుతారు."

కోడలు ఒక్కో గ్లాసూ గోటితో మీటి చూసింది. బీటుంటే మోగదు. మోగినవి ఏరి, గడ్డి పేర్చి, చెక్కపెట్టెలో సర్దింది. టీ ఆవిడ చేతిసంచిలోంచి కార్డు తీసింది. గీత పడలేదు. తీసినప్పుడల్లా తుడిచి పెట్టుకున్నట్టుంది. మా మిషను కార్డు చెల్లితే కుయ్ అంటుంది. చెల్లకపోతే గుర్రు పెడుతుంది.

గుర్రు పెట్టింది.

"ఎంతుందంటోంది?" అంది టీ ఆవిడ.

కోడలు తెరకేసి చూసి, నాకేసి చూసి, "ఒక సాసరుకు," అంది.

"కప్పూ సాసరా?"

"ఉత్త సాసరే అక్కా."

"అందరి ముందూ ఇచ్చారే అమ్మాయ్! మేనేజరు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. సాసరుకు అంతమంది చప్పట్లు కొడతారా?"

"అప్పుడు నిండుగానే ఉందక్కా. నువ్వు వాడలేదుగా. నిద్రపోయింది. నిద్ర రుసుము తీసేశారు."

"దేనికన్నా పనికొచ్చేదానికి వాడదామని దాచుకున్నా. దాచుకుంటే తరుగుతుందా ఎక్కడన్నా?" గొంతు కాస్త పెరిగింది. "చీకటితో లేచి పదకొండేళ్ళు నేను నిద్రపోలేదు. నా కార్డు నిద్రపోయిందా?"

"పట్టుకెళ్ళమ్మా. డబ్బు తర్వాతిద్దువుగాని," అన్నాను.

"అప్పుతో పొయ్యి వెలిగించనని అనుకున్నా బాబాయ్."

"అయితే ఊరికే పట్టుకెళ్ళు."

ఆ మాటకు పెట్టెను నా వైపు నెట్టింది. "ఊరికే తీసుకుంటే ఆ పదకొండేళ్ళూ ఊరికే పోయినట్టు. నాకు దానమొద్దు. నా కార్డు చెల్లాలి. ఆ మిషను కుయ్ అనాలి."

కోడలు కంపెనీకి ఫోను చేసి అందరికీ వినబడేలా బల్లమీద పెట్టింది. మా పిలుపు తమకెంతో విలువైనదని ఒక గొంతు చెప్పింది. ఆ విలువను కాసేపు పాట పెట్టి దాచుకున్నారు. తర్వాత నిద్ర రుసుము విభాగం పలికి, ఈ కార్డు తమ చేయి దాటిపోయిందని, ఇప్పుడు రానివాళ్ళ విభాగంలో ఉందని చెప్పి అక్కడికి కలిపింది. అక్కడ ఒక అమ్మాయి, మంచి మర్యాదగల గొంతు.

"చెప్పండి మేడమ్. రానివాళ్ళ విభాగం."

"ఈ కార్డావిడ వచ్చిందండీ," అంది కోడలు.

"ఎక్కడికండీ?"

"మా కొట్టుకి. ఎదురుగా నిలబడి ఉంది."

"మా దగ్గర రాలేదని ఉందండీ."

"మీ దగ్గర అలా ఉంది. మా దగ్గర మనిషుంది."

"నిజమే మేడమ్. కానీ కార్డులో కాస్త చిల్లర ఉంచి, తక్కినదంతా రాలేదని పోయిన నెలాఖరుకు ముగించేశాం. ముగించాక రావడం కుదరదండీ."

టీ ఆవిడ ఫోను దగ్గరికి వంగింది. "అమ్మా, నేనే మాట్లాడుతున్నా. రానిదాన్ని."

"నమస్తే అండీ," అంది ఆ అమ్మాయి. పాపం, పెంపకం మంచిది.

"నేనొచ్చానని రాసుకో తల్లీ."

"ఆలస్య రాకడ దరఖాస్తు పెట్టుకోవచ్చండీ. అప్పటిదాకా రాలేదని ఒక కాగితం, ఇప్పుడొచ్చారని ఒక కాగితం కొట్టువారు రాసివ్వాలి. రెండూ ఒకే కాగితం మీద ఉండకూడదు. కొన్ని పనిదినాల్లో తేలుస్తాం."

"పనిదినాలంటే?"

"మేం పని చేసిన రోజులండీ."

"రేపు పొద్దున్నే నా బండి తెరవాలి!"

"శుభాకాంక్షలండీ."

నేను సాధారణంగా ఫోన్లో మాట్లాడను. కాని ఒకటి తెలుసుకోవాలనిపించింది. "అమ్మాయ్, ఆవిడ డబ్బు ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదు సార్. రుసుములు మావి. మిగిలినదాంట్లో ఒక వాటా మీకే వచ్చింది. నెలనెలా చూసుకుంటున్నారుగా, బ్రేకేజీ ఆదాయం."

కోడలు పెరటి తలుపుకేసి చూసింది.

"అది పెంకులకు కదండీ?" అంది కోడలు.

"ఏ పెంకులండీ?"

"మేం పంపిన గాజు పెంకులు. గడ్డి పెట్టి, పెట్టెలో."

"ఓ, అవి పంపింది మీరేనా మేడమ్!" అంది ఆ అమ్మాయి. ఆ సాయంత్రం ఆ గొంతులో మనిషి వినబడింది ఆ ఒక్కసారే. "అవెందుకొస్తున్నాయో తెలియక మా కింద గదిలో పెట్టించారండీ. బ్రేకేజీ అంటే గాజు కాదు. కార్డుండీ రాని జనం. వాళ్ళనే విరిగినట్టు రాస్తాం."

టీ ఆవిడ తన చేతులకేసి చూసుకుంది, ఎక్కడన్నా బీటుందేమోనన్నట్టు.

"అయితే ఆ వాటా ఈవిడదే. ఇచ్చేస్తున్నాం," అంది కోడలు. గొంతు గట్టిగానే ఉంది.

"అలా చేయకూడదు మేడమ్. విరిగినదాన్ని కొట్టువారు అతికించడం ఒప్పందానికి విరుద్ధం. వినియోగదారులు మర్చిపోయినది వ్యాపారికి చెందుతుంది. అదే నియమం."

"నేను మర్చిపోలేదుగా!" అంది టీ ఆవిడ.

"మర్చిపోలేదని మాకు గుర్తు చేయలేదు కదండీ." ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది. చెప్పానుగా, మర్యాదగల పిల్ల.

కోడలు ఫోను పెట్టేసి, సొరుగు లాగి, నోట్లు చేతిలోకి తీసుకుంది. "వాళ్ళ నియమం వాళ్ళు తిననీ. ఇది నీదక్కా, తీసుకో."

"వాళ్ళు కాదంటుంటే నువ్విస్తే అది దానమే అమ్మాయ్. నీ మనసు మంచిది. సొరుగు ముయ్యి." ఆవిడ అరలకేసి చూసింది. "నా కార్డుకు సాసరొస్తుందన్నావుగా. ఇవ్వు."

"గ్లాసుల్లేకుండా సాసరెందుకు?"

"నాదది."

కోడలు ఆకుపచ్చ అంచున్న సాసరు తీసి, మీటి చూసి, మూడు డజన్లకు పెట్టేంత గడ్డి పెట్టి కట్టింది. కార్డు గీకింది. మిషను కుయ్ అంది.

"పలికింది," అంది టీ ఆవిడ. సాసరు చంకలో పెట్టుకుని షట్టరు కిందినుంచి వంగి వెళ్ళిపోయింది. చెక్కపెట్టె బల్లమీదే ఉండిపోయింది. కోడలు గ్లాసులు మళ్ళీ అరలో పెట్టబోతే ఉండనివ్వమన్నాను.

"ఎందుకు మామయ్యా? ఆవిడ తీసుకోదు. చంపినా తీసుకోదు."

"తెలుసు."

మర్నాడు పొద్దున్నే పెట్టె భుజానికెత్తుకుని డిపో మూలకెళ్ళాను. బండి తెరిచే ఉంది. పొయ్యి మండుతోంది, టీ పొంగుతోంది. బల్లమీద ఆకుపచ్చ అంచు సాసరొక్కటే తుడిచి పెట్టి ఉంది. పర్యవేక్షకుడు ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతికి గడియారంతో నిలబడి ఉన్నాడు. మొదటి బస్సు ఇంజను వేసి, ఇంకా కదల్లేదు.

"టీ," అన్నాను.

టీ ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గ్లాసుల్లేవు బాబాయ్. సాసరులో పోసివ్వనా?"

"గ్లాసు తెచ్చుకున్నా." పెట్టె బల్లమీద దించి మూత తీశాను.

"ఒక్క టీకి ఇన్నా?"

"ఏది చేతికి కుదురుతుందో చూసుకోవద్దూ?"

పర్యవేక్షకుడు పెట్టెలోకి తొంగిచూశాడు. "ఎవరివివి?"

"వినియోగదారుడివి."

ఆయన కాగితం తిప్పి చదువుకున్నాడు. "గాజు గ్లాసులుండాలని ఉంది. ఎవరివో లేదు," అని తనలో తను గొణుక్కుని, ఒక టిక్కు పెట్టి, "నాకూ ఒకటి పొయ్యమ్మా," అన్నాడు. బస్సు కదిలింది. డ్రైవర్లు చేరారు. ఆవిడ చెప్పినట్టే, పెట్టడం లేదు, మోదుతున్నారు. అడుగు మందం కాబట్టి ఆగాయి.

టీ బాగుంది. తాగి లేచి నడక మొదలుపెట్టాను.

"బాబాయ్! మీ పెట్టె!"

నాకు కుడిచెవి సరిగా వినబడదు. ఆ పూట ఎడమదీ వినబడలేదు. ఆవిడ గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చి దారికి అడ్డం నిలబడింది.

"గ్లాసులు మర్చిపోయారు."

"ఔను, మర్చిపోయాను."

"ఇదిగో, గుర్తు చేశాగా."

"గుర్తు చేసినా మర్చిపోయాను. వినియోగదారుడు మర్చిపోయినది వ్యాపారికి చెందుతుంది. నేనేం చెయ్యను, నియమం."

ఆవిడ నడుంమీద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చాలాసేపు చూసింది. వెనక ఎవరో "అక్కా, టీ!" అని అరిచారు. "వస్తున్నా, ఆగరా!" అని అరిచి, నావైపు తిరిగింది.

"రేపొచ్చి అడిగితే?"

"రోజూ వస్తాను. అడగను."

పెదవి కొరుక్కుంది. తర్వాత చెయ్యి చాచింది. "అయితే టీ డబ్బులు."

నోటు ఇచ్చాను. బండి దగ్గరికెళ్ళి చిల్లర తెచ్చిచ్చింది. అక్కడే నిలబడి రెండుసార్లు లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాను. చిల్లర వదిలేస్తే దానం. పెట్టెకు పెట్టె వదిలేస్తే విధానం.